పెద్దమ్మ చేతి రొట్టె

మొక్కజొన్న పిండికి బంక ఉండదు. ఎంత మరిగే నీళ్లు పోసి కలిపినా, ఎంతసేపు మర్దించినా తట్టేటప్పుడు అంచులు విచ్చుకుంటాయి, పెనం మీద తిరగేసేటప్పుడు నడిమికి విరుగుతుంది. వంట చేతనైన వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. దానికి మందూ అందరికీ తెలుసు. పిడికెడు గోధుమపిండి.

బస్సుల డిపో క్యాంటీన్‌లో రోజూ రెండు వందల మందికి వండి వార్చే మనిషికి ఈ ముక్క ఒకరు చెప్పాలా? డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, ఆఖరికి డిపో మేనేజరు కూడా ఆవిడను పెద్దమ్మ అనే పిలుస్తారు. ఉప్పు ఎక్కువైందనో పులుపు తక్కువైందనో ఆవిడ వంటను ఇన్నేళ్లలో వేలెత్తి చూపినవాడు లేడు. ఆ సోమవారం పొద్దున కూడా కూతురు స్నానానికి వెళ్లి గడియ పెట్టుకున్న చప్పుడు వినపడ్డాక, పెద్దమ్మ అలమర అడుగునున్న పాలపొడి డబ్బా తీసింది. అందులో పాలపొడి ఎప్పుడో అయిపోయింది. ఒక పిడికెడు గోధుమపిండి తీసి పసుపుపచ్చటి పిండి మధ్యలో గుంట చేసి పోసి, చుట్టూ ఉన్నది పైకి లాగి కప్పింది. వేడినీళ్లు పడేసరికి ఏది ఏదో తెలియకుండా పోయింది. డబ్బా మూత బిగించి, యథాస్థానంలో పెట్టి, చెయ్యి కడుక్కుంది.

కూతురికి గోధుమ పడదు. పడదంటే దద్దుర్లు, తుమ్ములు లాంటి పడకపోవడం కాదు. గోధుమ రవ్వంత లోపలికి పోయినా పేగు లోపలి పొరను ఒళ్లే కొరుక్కు తినేస్తుందని, తిన్న తిండి ఒంటికి పట్టదని, దాన్ని సీలియాక్ అంటారని, మందు లేదని, జీవితాంతం నోరు కట్టుకోవడమే దారి అని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. పెద్దమ్మ ఆ మాటలు విన్నది, తల ఊపింది, నమ్మలేదు. ప్రపంచంలో సగం మంది తిని బతికే తిండి విషమెలా అవుతుంది? అయినా పథ్యం మొదలుపెట్టింది. మొదటి నాలుగు రోజులూ రొట్టె ముక్కలు ముక్కలై, కూతురు వాటిని చెంచాతో ఏరుకుని, సగం పళ్లెంలోనే వదిలేసేది. అయిదో రోజున, నీకెందుకమ్మా శ్రమ, రేపటి నుంచి నేనే ఏదో ఒకటి ఉడకబెట్టుకుంటాలే అంది. కూతురి జబ్బు కంటే ఆ మాట పెద్దమ్మకు ఎక్కువ తగిలింది. ఆరో రోజు రొట్టె విరగలేదు. కూతురు దాన్ని చుట్టచుట్టి, కూరలో ముంచి, వరసగా మూడు తిని, "నీ చెయ్యే చెయ్యి అమ్మా" అంది. ఆ తర్వాత ఇక ఆపడం ఆవిడ వల్ల కాలేదు. సాయంత్రాలు కూతురి పొట్ట ఉబ్బడం, కాళ్లు లాగడం, జుట్టు కుచ్చులుగా ఊడి రావడం కళ్ల ముందే కనపడుతున్నా, అదంతా జబ్బు పనే తప్ప పిడికెడు పిండి పని కాదని తనకు తానే సర్ది చెప్పుకుంది.

ఆ రోజు పదింటికి ఇద్దరూ ఆసుపత్రిలో డాక్టరు ముందు కూర్చున్నారు. పెద్దమ్మ ఒళ్లో టిఫిన్ డబ్బా ఉంది, ఇంకా వెచ్చగా. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు రెండు పక్కపక్కన పెట్టి పెన్నుతో చూపించింది. మామూలు మనిషికి ఇరవై లోపు ఉండాల్సిన అంకె ఆరు నెలల కిందట రెండు వందల పన్నెండు ఉంది. ఇప్పుడు రెండు వందల ఎనిమిది.

"బయట ఏమైనా తింటున్నావా? నిజం చెప్పు, నేనేమీ అనను."

కూతురు సంచిలోంచి నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు చెక్కే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా రానివ్వని చెయ్యి. ఆరు నెలలుగా నోట్లో పెట్టిన ప్రతిదీ తేదీ వేసి రాసుకుంది. దగ్గు మందు రాసింది. పళ్లు తోముకునే పేస్టు రాసింది. దుకాణంలో ఎవరి పుట్టినరోజుకో కేకు పంచితే తను అక్కడి నుంచి లేచి వెళ్లిపోయిన రోజులు కూడా రాసింది. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. ప్రతి పేజీలోనూ ఉదయం, మధ్యాహ్నం అవే రెండు మాటలు: అమ్మ రొట్టె.

చివరి పేజీ చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "నిన్ను నేను నమ్ముతున్నాను. అదే ఇబ్బంది. నువ్వు తినకుండానే ఇది తగ్గడం లేదంటే ఇది మొండి రకం కావచ్చు. పథ్యానికి లొంగదు. శనివారం మళ్లీ గొట్టం వేసి పేగులోంచి ముక్కలు తీద్దాం. చెడ్డ కణాలేమైనా పుట్టాయేమో చూడాలి. లేకపోయినా గట్టి మందులు మొదలుపెట్టక తప్పదు."

గట్టి మందులంటే ఏమిటని కూతురు అడిగింది. మొహం ఉబ్బుతుందని, ఎముకలు గుల్లబారతాయని, చిన్న జలుబు చేసినా జాగ్రత్తగా ఉండాలని, ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కూతురు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింది. తర్వాత డాక్టరమ్మ పెద్దమ్మ వైపు తిరిగింది.

"వంట మీరేనా?"

"నేనేనండి."

"పొరపాటున ఎక్కడైనా గోధుమ..."

"మా ఇంట్లో గోధుమ గింజే లేదండి." ప్రశ్న పూర్తికాకుండానే జవాబు వచ్చేసింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం పెద్దమ్మకు మళ్లీ దొరకవు. అది ఆవిడకూ తెలుసు. కానీ ఆ గదిలో నర్సు ఉంది, తలుపు దగ్గర తర్వాతి పేషెంటు ఉన్నాడు, పక్కన కూతురు ఉంది. అన్నిటికంటే ఎక్కువగా, ఆ నోట్‌బుక్ ఉంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుని కూతురు కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, కళ్లు తిరుగుతున్నాయి, డబ్బా ఇవ్వమంది. పెద్దమ్మ చేతులు డబ్బా మీద బిగుసుకున్నాయి. కింద పడేసి చెయ్యి జారిందని చెప్పవచ్చు. చెడిపోయిన వాసన వస్తోందని అనవచ్చు. ఆవిడకు ఆ రెండూ తట్టాయి. కానీ కూతురు అప్పటికే డబ్బా లాక్కుని మూత తీసింది, రొట్టె తుంచింది. పెద్దమ్మ పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కూతురు రెండో రొట్టె కూడా తిని నీళ్లు తాగింది.

మంగళవారం పెద్దమ్మ పాలపొడి డబ్బా సంచిలో పెట్టుకుని క్యాంటీన్‌కు తీసుకెళ్లి, అడుగున మిగిలిన పిండిని అక్కడి గోధుమపిండి గోనెలో దులిపేసి, డబ్బా తోమి బోర్లించింది. ఆ పొద్దున రొట్టె విరిగింది. నా బెంగతో నీ చెయ్యి కూడా వణుకుతోంది అంటూ కూతురు ఆ ముక్కలే ఏరుకుని తిని, ఒక్కటి కూడా వదలకుండా పళ్లెం ఖాళీ చేసి వెళ్లింది.

క్యాంటీన్‌లో ఉల్లిపాయలు కోస్తూ పెద్దమ్మ మాటలు కూర్చుకుంది. డబ్బాలు మారిపోయాయే చిట్టీ, అనాలి. మరి ఒక్క పూట మారితే రెండు వందల ఎనిమిదా? మొదట్లో కొన్నాళ్లు వేశాను, తర్వాత మానేశాను, అనాలి. మరి నిన్న డాక్టరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు? ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఆ మాటలు చివరికి ఒకే చోటికి వస్తున్నాయి. ఆవిడ ఉల్లిపాయలన్నీ కోసేసింది, అవసరమైన దానికంటే నాలుగు ఎక్కువే కోసింది. అప్పుడు ఒక ముసలి డ్రైవరు పళ్లెం పట్టుకుని వచ్చి, పెద్దమ్మా, మా ఆవిడను ఓ నెల రోజులు నీ దగ్గర పనికి పెట్టనా, కాస్త వంట వస్తుంది, అన్నాడు. వరసలో ఉన్న వాళ్లంతా నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వి, వాడికి ఓ గరిటె కూర ఎక్కువ వేసింది. ఆ మధ్యాహ్నానికి ఆవిడ మనసు కాస్త కుదుటపడింది. పిండి వెయ్యడం మానేశాం కదా, అంకె దానంతట అదే దిగుతుంది, శనివారం గొట్టమంటావా, ఇదివరకు ఒకసారి వేశారు, ఏమైంది, అనుకుంది.

బుధవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి డైటీషియన్ ఇంటికి వచ్చింది. చిన్న వయసు, పెద్ద ఫారం. గొట్టం వేసే ముందు ఇల్లు ఒకసారి చూడమని డాక్టరమ్మ పంపిందట. ఆ అమ్మాయి పెనం గోకి చూసింది, చెంచాల సొరుగు తీసి చూసింది, అలమరలో ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసింది, పీట అడుగున కూడా వేలితో తుడిచి చూసింది. ఏమీ దొరకలేదు. ఇంత శుభ్రమైన వంటిల్లు ఈ జబ్బున్న వాళ్ల ఇళ్లలో ఎక్కడా చూడలేదని, ఫొటో తీసి మిగతా వాళ్లకు చూపిస్తానని అంది. ఫొటో కూడా తీసింది. తర్వాత ఫారంలో ఆఖరి గడి దగ్గర ఆగింది.

"పిండి ఎక్కడ ఆడిస్తారు?"

కూతురే ఉత్సాహంగా చెప్పింది. రెండు వీధుల అవతల పిండిమర పిన్ని ఉందని, తనలాంటి వాళ్ల కోసమే చిన్న మర ఒకటి వేరుగా పెట్టించిందని, తనతో కలిపి ఏడిళ్ల వాళ్లకు అక్కడే ఆడుతుందని, అందులో గోధుమ గింజ పడనివ్వదని. డైటీషియన్ రాసుకుంటూ తలెత్తకుండానే పెద్దమ్మను అడిగింది, పక్కన పెద్ద మరలో గోధుమలు ఆడతారు కదా, దానిదీ దీనిదీ ఎప్పుడైనా కలిసే వీలుందా అని.

పెద్దమ్మ చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆవిడ ఏ దారీ వెతకలేదు. దారే ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒకరి మీద చెప్పడం నాకిష్టం లేదమ్మా. కానీ మొన్నొకసారి గోధుమపిండి జల్లించిన జల్లెడతోనే మాదీ జల్లించడం చూశాను. పాపం, చూసుకోలేదేమోలే అనుకున్నాను."

ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. కానీ ఆ 'పాపం' ఎంత బాగా కుదిరిందంటే, డైటీషియన్ వెంటనే నమ్మింది, బయటికి వెళ్లి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో తిరిగి వచ్చి, శనివారం గొట్టం అక్కర్లేదని, ముందు ఆ పిండి మాని వేరే పిండితో మూడు నెలలు చూద్దామని, మొండి రకం కాకపోవచ్చని చెప్పింది. కూతురు తల్లిని కావలించుకుని భోరుమంది. పెద్దమ్మ ఆమె వీపు నిమిరింది. ఆ వీపు మీద ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. ఎంతైనా బిడ్డకు గండం గడిచింది, అది మాత్రం నిజమే కదా అనుకుంది. సంతోషం వేసింది కూడా.

గురువారం పొద్దున్నే కూతురు పిండి డబ్బా పట్టుకుని మరకు బయలుదేరింది. నువ్వెందుకు, పోనియ్యి అని పెద్దమ్మ వెనకాలే వెళ్లింది. మర దగ్గర ఐదారుగురు సంచులతో నిలబడి ఉన్నారు. పిండిమర ఆవిడ చిన్న మరకు కప్పిన గుడ్డ తీస్తోంది. మొదట గుప్పెడు మొక్కజొన్నలు ఉత్తినే ఆడించి, ఆ పిండి పారబోసి, తర్వాతే అసలు గింజలు పోస్తుంది, రోజూ అంతే. కూతురిని చూసి నవ్వుతూ, వచ్చావా తల్లీ, నీదే మొదటి వంతు, అంది.

కూతురు డబ్బా బోర్లించింది. పిండి అంతా మర ముందు నేల మీద పడింది. తర్వాత ఆమె అన్న మాటలు అన్నీ ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఆరు నెలలు కడుపు మాడ్చుకున్న పిల్ల, పేగు కోసి చూస్తామంటే రెండు రాత్రులు నిద్రపోని పిల్ల ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. చేతగాకపోతే చేతగాదని చెప్పాలి గానీ మనుషుల ప్రాణాలతో ఆటలేమిటంది. సంచులు పట్టుకున్న వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పిండిమర ఆవిడ స్పానర్ తెచ్చి చిన్న మర మూత బోల్టులు విప్పి, లోపలి రాళ్లు బయటికి తీసి చూపించింది. రెండు జల్లెళ్లు తెచ్చింది, ఒకదానికి ఎర్ర తాడు, ఒకదానికి తెల్ల తాడు. ఏ జల్లెడ అమ్మా, ఏ రోజు, అని అడిగింది. కూతురు తల్లి వైపు చూసింది. పెద్దమ్మ, నాకు రోజు గుర్తులేదు, అంది.

పిండిమర ఆవిడ కిందపడిన పిండి కొంచెం చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య రాసి చూసింది. "ఈ పిండితో రొట్టె ఎలా వస్తుంది తల్లీ? విరగదూ?"

"మొదటి అయిదు రోజులు తప్ప ఆరు నెలల్లో ఒక్కటి విరగలేదు. మా అమ్మ చేస్తే పువ్వులా వస్తుంది. మొన్నటి నుంచే ఈ దిగులుతో ఆవిడకు చెయ్యి ఆడడం లేదు."

పిండిమర ఆవిడ చేతిలోని పిండిని చూసింది. తర్వాత పెద్దమ్మను చూసింది. ఎంతసేపో కాదు, ఒక బోల్టు బిగించేంత సేపు. ఇప్పుడు అంటుంది, ఈ ఐదారుగురి ముందే అంటుంది, అనుకుంది పెద్దమ్మ.

పిండిమర ఆవిడ ఏమీ అనలేదు. చీపురు తెచ్చి నేల ఊడ్చింది. ఆ మౌనాన్ని కూతురు తప్పు ఒప్పుకోవడం కిందే జమ కట్టింది. అక్కడున్న వాళ్లూ అలాగే అనుకున్నారు.

శుక్రవారం కూతురి పొట్ట సాయంత్రం ఉబ్బలేదు. శనివారం, గొట్టం వేయించుకోవాల్సిన రోజున, ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దుకాణంలో నిలబడి పని చేసి వచ్చి, అమ్మా, కాళ్లు లాగలేదు తెలుసా, అంది. ఆదివారం అద్దం ముందు నిలబడి దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు లెక్కపెట్టుకుని నవ్వింది. ప్రతి రోజూ నోట్‌బుక్‌లో రాసింది: కొత్త పిండి, నొప్పి లేదు. రోజు రోజుకూ పిండిమర ఆవిడ నేరం ఆ పుస్తకంలో రుజువవుతూ వచ్చింది. మిగతా ఆరిళ్ల వాళ్లకూ కూతురే ఫోన్లు చేసి చెప్పింది.

సోమవారం క్యాంటీన్ పని అయ్యాక పెద్దమ్మ ఇంటికి వెళ్లకుండా మర దగ్గరకు వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆవిడకే సరిగ్గా తెలియదు. క్షమాపణ చెప్పాలని మాత్రం కాదు. ఆ మనిషికి ఎంత తెలుసో, ఎవరితోనైనా అన్నదో లేదో తేల్చుకోకపోతే ముద్ద దిగడం లేదు. మర దగ్గర ఎవరూ లేరు. చిన్న మర మీద గుడ్డ లేదు. అందులో గోధుమలు ఆడుతున్నాయి.

పిండిమర ఆవిడ స్విచ్ ఆపింది. మర రాళ్లు తిరిగి తిరిగి ఆగాయి.

"ఏడిళ్ల వాళ్లూ మానేశారక్కా. ఖాళీగా ఎందుకని దీన్లోనూ గోధుమే పోశాను."

పెద్దమ్మ, చిన్నపిల్ల, ఆవేశపడింది, మనసులో పెట్టుకోకు అని మొదలుపెట్టింది. పిండిమర ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఇరవై ఏళ్లుగా పిండి ఆడుతున్నాను. మొక్కజొన్నకు లేని బంక ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలీదా? ఆ పిల్ల విరగదు అన్నప్పుడే తెలిసింది."

"మరి అప్పుడే అనలేకపోయావా?" అంది పెద్దమ్మ.

"అంటే ఆ పిల్ల ఇంకెవరి చేతి ముద్ద తింటుంది? అసలే ఏది ముట్టుకోవాలన్నా భయపడి చస్తోంది. ఇంట్లో నువ్వు పెట్టేది కూడా అనుమానించాల్సి వస్తే ఎండిపోయి చచ్చిపోతుంది. ఒక్కటి చెప్పు. వెయ్యడం మానేశావా?"

"మానేశాను."

"నిజంగా?"

"ఒట్టు."

"అయితే వెళ్లు. నేనెవరికీ చెప్పను. మళ్లీ మాత్రం ఇటు రాకు." ఆవిడ స్విచ్ వేసింది. మర చప్పుడులో ఇంక ఏ మాటా వినపడదు.

పెద్దమ్మ వీధి మలుపు తిరిగాక ఊపిరి పీల్చుకుంది. సిగ్గు వేయాలి, కొంచెం వేసింది కూడా. కానీ ఇంటి గుమ్మం చేరేసరికి ఆ సిగ్గు మీద కోపం పేరుకుంది. ఒక పిండిమర మనిషి తనను మళ్లీ రాకు అనడమా, తన కూతురి ప్రాణం గురించి తనకే బోధ చేయడమా. చేతులు కడుక్కుని పొయ్యి వెలిగించి, రొట్టెలకు నీళ్లు పెట్టింది.

కూతురు ఆరింటికి వచ్చింది. మొహంలో కాస్త నెత్తుటి కళ కనపడుతోంది. చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి ఒక కాగితం బల్ల మీద పరిచింది. డైటీషియన్ సాయంతో రాసిన అర్జీ అది. జబ్బు మనుషులకు ప్రత్యేకం అని నమ్మించి గోధుమ కలిసిన పిండి అమ్ముతున్నందుకు ఫలానా పిండిమర లైసెన్సు రద్దు చేయాలని పురపాలక ఆఫీసుకు రాశారు. కింద ఆరిళ్ల వాళ్ల సంతకాలున్నాయి. వాటి పైన ఒక గీత ఖాళీగా ఉంది.

"మొదటి సంతకం నీదే ఉండాలటమ్మా. జల్లెడ కళ్లారా చూసింది నువ్వు ఒక్కదానివేగా. నీ సంతకం లేకపోతే ఇది నిలవదట."

పెద్దమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. వేలికున్న తడిపిండి అంచుకు అంటింది. అర్జీ మొత్తం చదివింది, చదివిందే మళ్లీ చదివింది. సంతకం పెట్టకపోతే చాలు, ఏమీ చెప్పనక్కర్లేదు, ఆ మనిషికి అన్నం మిగులుతుంది. అంతమాత్రం తాను చేయగలదు. అంతమాత్రం చేయాలనే అనుకుంది.

"పోనియ్యవే చిట్టీ. పాపం, బతుకుతెరువు అది."

"పాపమేంటమ్మా. రోజూ నవ్వుతూ పలకరించి రోజూ విషం పెట్టింది. తెలిసి పెట్టిన మనిషిని వదిలేస్తావా? నువ్వు అది చూసి చెప్పబట్టి బతికాను. లేకపోతే శనివారం నా కడుపు కోసేవాళ్లు." కూతురు వెనక నుంచి వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. "ఇంక నేను ఎవరినీ నమ్మను. నీ చేత్తో పెట్టింది తప్ప జన్మలో ఏదీ తినను."

పెద్దమ్మ చెయ్యి గుడ్డకు తుడుచుకుంది. పెన్ను తీసుకుని, ఖాళీగా ఉన్న గీత మీద, క్యాంటీన్ హాజరు పుస్తకంలో రోజూ పెట్టినట్టే, పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

కూతురు కాగితం వెలుతురుకు పట్టి చూసి, తేదీ వెయ్యలేదమ్మా, అంది. పెద్దమ్మ తేదీ కూడా వేసింది.